మూడు ఫోటోలు, మూడు పేర్లు: వీటిలో ఏది నిలుస్తుంది?

కొత్తరెక్క

నమస్కారం. మూడు సీతాకోకచిలుకల ఫోటోలు పెడుతున్నాను. నేను పెట్టుకున్న పేర్లు సరైనవో కాదో చెప్పండి. ఏ గుర్తు చూసి తేల్చారో కూడా చెబితే ఇంకా మేలు. మూడూ దక్షిణాసియా మైదానాల్లో, వానలు తగ్గాక తీసినవి.

ఫోటో 1: నల్ల రెక్కలు, వెనక రెక్కకి తోక, నడుమ తెల్ల మచ్చ, అంచు వెంట ఎర్ర మచ్చలు. కామన్ రోజ్ అనుకున్నాను.

ఫోటో 2: నారింజ రంగు, ముందు రెక్క కొన నలుపు, ఆ నలుపులో తెల్ల పట్టీ. రెక్కలు విప్పి ఉంది. ప్లెయిన్ టైగర్.

ఫోటో 3: బూడిద రంగు చిన్నది, గడ్డి పరక మీద రెక్కలు మూసుకుని. డార్క్ గ్రాస్ బ్లూ అని యాప్ చెప్పింది.

పొలుసులపెట్టె

మొదటిది కామన్ రోజ్ కాదండీ. రెక్కల్ని కాసేపు మరిచిపోయి ఒళ్ళు చూడండి. కామన్ రోజ్‌కి తల, రొమ్ము పక్కలు, పొట్ట పక్కలు, పొట్ట కొన ఎర్రగా ఉంటాయి. పక్క నుంచి తీసిన ఫోటోలో ఆ ఎరుపు దాగదు. మీ ఫోటోలో పొట్ట కొన దాకా నలుపే. కాబట్టి ఇది కామన్ మార్మన్, పాపిలియో పాలిటిస్, ఆడది. రోజ్‌ని అనుకరించే ఈ రూపాన్ని స్టిషియస్ అంటారు.

ఈ ఒక్క జాతిలోనే ఆడవి మూడు రకాలుగా కనిపిస్తాయి. సైరస్ రూపం మగదానిలాగే ఉంటుంది, వెనక రెక్క మీద తెల్ల మచ్చల వరస. స్టిషియస్ కామన్ రోజ్‌ని, రోములస్ క్రిమ్సన్ రోజ్‌ని అనుకరిస్తాయి. ఏ రూపం రావాలో నిర్ణయించేది డబుల్‌సెక్స్ అనే ఒకే ఒక జన్యువని 2014లో తేలింది. కాబట్టి ఒకే తల్లి పిల్లల్లో రెండు రూపాలు కనబడినా ఆశ్చర్యం లేదు.

జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. రోజ్ రొమ్ము పైభాగం నలుపే. సరిగ్గా నెత్తి మీద నుంచి తీస్తే ఎరుపు సగం దాగిపోతుంది, మార్మన్ అని పొరబడతాం. మార్మన్‌కి ఎర్ర పూల మీద నుంచి ఎరుపు ప్రతిఫలించి పొట్ట ఎర్రగా కనబడితే తప్పు ఎదురు వైపు జరుగుతుంది, రోజ్ అని పొరబడతాం. పొట్ట రంగు తేలనప్పుడు వెనక రెక్క ఎర్ర మచ్చల ఆకారం పట్టుకుని వాదించేవాళ్ళున్నారు. రెక్క నలిగితే ఆకారం మారుతుంది, నేనైతే దాన్ని నమ్మను.

గుడ్డు పెడుతుండగా దొరికితే పని ఇంకా తేలిక. రోజ్ ఈశ్వరి తీగ మీద పెడుతుంది, మార్మన్ నిమ్మ జాతి మీదా కరివేపాకు మీదా పెడుతుంది. అలాగని ఆకు మీద వాలినంత మాత్రాన గుడ్డు పెట్టినట్టు కాదు. పొట్ట కొన వంచి ఆకుకి తాకించిన ఫ్రేమ్ ఉండాలి.

అడుగువైపు

రెండోది ప్లెయిన్ టైగరే, డానాస్ క్రిసిప్పస్. మీరు సరిగ్గానే పెట్టారు. కానీ ముందు రెక్క కొన చూసి పెట్టినట్టున్నారు, అది చాలదు. డానెయిడ్ ఎగ్‌ఫ్లై ఆడదానికీ అదే కొన, అదే తెల్ల పట్టీ, అదే నారింజ.

చూడాల్సింది వెనక రెక్క నడిమి భాగం. ప్లెయిన్ టైగర్‌కి అక్కడ మూడు నల్ల చుక్కలుంటాయి. మగదానికి వాటి పక్కన నాలుగోది, కొంచెం పెద్దది. అది వాసన సంచి. డానెయిడ్ ఎగ్‌ఫ్లైకి పైవైపు, ముందంచు దగ్గర ఒక్కటే చుక్క. మీ ఫోటోని పెద్దది చేసి చూశాను: కుడి రెక్క మీద మూడూ, వాటి కింద నాలుగోదీ స్పష్టంగా ఉన్నాయి. మగ ప్లెయిన్ టైగర్.

ఇదే వేషంలో తిరిగేవి ఇంకా ఉన్నాయి. ఇండియన్ ఫ్రిటిలరీ ఆడదానికి వెనక రెక్క నిండా నల్ల చుక్కలే. పామ్‌ఫ్లై ఆడదానికి రెక్క అడుగున గోధుమ రంగు గీతలు, రొమ్ము మీద టైగర్లకుండే తెల్ల బొట్లు ఉండవు. ప్లెయిన్ టైగర్ అన్నిచోట్లా ఇదే ముఖంతోనూ కనబడదు. డొరిప్పస్ రూపానికి నల్ల కొన ఉండదు, ఆల్సిప్పస్ రూపానికి వెనక రెక్క తెల్లబడి ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, డొరిప్పస్‌ని అనుకరించే రూపం కూడా ఎగ్‌ఫ్లైలో ఉంది. రంగు మీద నడిచే ఐడీ (జాతి గుర్తింపు) ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది.

పచ్చికనీలం

మూడోదానికి పేరు పెట్టలేం. కారణం ఫోటో నాణ్యత కాదు, ఫోకస్ బాగానే ఉంది. ముందు రెక్క జారి వెనక రెక్క చాటుకి వెళ్ళింది. తేల్చాల్సిన చుక్క ఆ చాటున ఉంది.

గ్రాస్ బ్లూలు నాలుగు. డార్క్, పేల్, లెస్సర్, టైనీ. చూడాల్సిన వరస ఇది: ముందు రెక్క అడుగువైపు డిస్కల్ సెల్ (రెక్క నడిమి ఖాళీ జాగా) లోపల చుక్క ఉందా? ఉంటే డార్క్ లేదా పేల్. ఆ రెండింటినీ విడదీయడానికి పైవైపు కావాలి. చుక్క లేకపోతే లెస్సర్ లేదా టైనీ. టైనీకి సెల్‌కి పైన, ముందంచు దగ్గర అదనంగా చుక్క ఉంటుంది. లెస్సర్‌కి వెనక రెక్క అడుగున స్పేస్ 6లోని చుక్క వరస తప్పి ఒంటి వైపు జరిగి ఉంటుంది.

సెల్ చివర ఒక సన్నని అడ్డగీత ఉంటుంది, దాన్ని చూసి ‘సెల్ చుక్క ఉంది’ అనుకోవడం ఎక్కువగా జరిగే తప్పు. ఆ గీత నాలుగింటికీ ఉంటుంది. కావాల్సింది గీతకీ రెక్క మొదలుకీ మధ్యన, విడిగా నిలబడిన చుక్క.

మీ ఫోటోలో వెనక రెక్క మాత్రమే ఉంది, అదీ స్పేస్ 6 దగ్గర గడ్డి పరక అడ్డం వచ్చింది. ‘గ్రాస్ బ్లూ, జాతి తేలలేదు’ అని రాసుకోండి.

కొత్తరెక్క

చాలా ధన్యవాదాలు. స్పేస్ 6 అంటే ఎక్కడ? లెక్క పై నుంచా, కింద నుంచా?

డిస్కల్‌సెల్

కింద నుంచి. రెక్కని పేజీలా ఊహించుకోండి. ఒంటి దగ్గర మొదలై నడిమి దాకా సాగే, ఈనెలు లేని పొడవాటి ఖాళీ జాగా డిస్కల్ సెల్. దాని చుట్టూ అంచుల నుంచి ఈనెలు బయటి అంచుకి పోతాయి. సెల్ కింది అంచు నుంచి, చివర ఇంకా దూరం ఉండగానే బయల్దేరేది ఈనె 2. చివరకి దగ్గరగా బయల్దేరేది 3. కింది మూల నుంచి 4, నడుమ నుంచి 5, పై మూల నుంచి 6. దాని పైన 7 మొదలు ముందంచు దాకా మిగిలినవి.

ఈనెకీ ఈనెకీ మధ్య జాగాని స్పేస్ అంటారు. స్పేస్‌కి ఎప్పుడూ దాని కిందున్న ఈనె నంబరే. అంటే ఈనె 2కీ 3కీ మధ్యది స్పేస్ 2. ముందు రెక్కలో ఈనె 2కి కింద ఉన్నది 1బి, దానికీ కిందది 1ఎ. కొత్త పుస్తకాల్లో ఇవే ఈనెలకి అక్షరాల పేర్లుంటాయి: 2ని సీయూఏ2 అని, 3ని సీయూఏ1 అని, 4ని ఎం3 అని రాస్తారు. ఒకే వాక్యంలో రెండు పద్ధతులూ కలిపేస్తే ఎవరికీ అర్థం కాదు.

ఫోటో మీద లెక్కపెట్టేటప్పుడు బయటి అంచు నుంచి మొదలెట్టకండి. అంచు చిరిగి ఉంటే ఒక ఈనె తప్పిపోతుంది, అక్కడి నుంచి అన్నీ తప్పే. సెల్ చివర పట్టుకుని, 4ని గుర్తించి, అక్కడి నుంచి రెండు వైపులా లెక్కపెట్టుకోండి. ఈనెలు కనబడకపోతే బొమ్మని నలుపు తెలుపు చేసి కాంట్రాస్ట్ పెంచండి, చాలావరకు బయటపడతాయి.

వానకారు

తేదీ కూడా రాయండి, నెల ఒక్కటే కాదు. వానలు తగ్గాక అంటే రెండు రుతువుల రూపాలూ కలిసి ఎగిరే సమయం.

బుష్‌బ్రౌన్‌లని చూడండి. వానల రూపానికి అడుగున పెద్ద పెద్ద కంటిచుక్కలు, పొడికాలం (వానలు లేని నెలల) రూపానికి అవి చిన్న బొట్లు, కొన్నిసార్లు అసలుండవు. రాలిన ఆకుల మధ్య కూర్చునే పురుగుకి కంటిచుక్క కంటే ఎండుటాకు రంగే రక్ష. ఆఫ్రికాలోని బైసైక్లస్ అనినానా మీద ప్రయోగశాలల్లో బాగా తేలిన సంగతి ఇది. గొంగళి పురుగు 27 డిగ్రీల దగ్గర పెరిగితే పెద్ద కళ్ళు, 17 డిగ్రీల దగ్గర పెరిగితే చిన్నవి. జాతి అదే, కళ్ళు వేరు.

అందుకని కంటిచుక్క ఎంత ఉందని కాదు, ఎక్కడ ఉందని చూడాలి. కామన్ బుష్‌బ్రౌన్‌కి వెనక రెక్క అడుగున కింది నాలుగు కంటిచుక్కల తెల్ల నడిబొట్లు ఒకే గీత మీద ఉండవు. డార్క్‌బ్రాండ్ బుష్‌బ్రౌన్‌కి ఉంటాయి. తెర మీద స్కేలు పెట్టి చూసుకోవచ్చు. పొడికాలం రూపంలో కళ్ళు మాయమైనా నడిబొట్లు తరచుగా మిగులుతాయి.

పీకాక్ ప్యాన్సీది ఇంకా పెద్ద నాటకం. పొడికాలం రూపం రెక్కల అంచులు కోణాలు తేలి, అడుగున అచ్చం ఎండుటాకే. దాన్ని కొత్త జాతి అనుకుని పోస్ట్ పెట్టేవాళ్ళు ఏటా ఉంటారు.

డిస్కల్‌సెల్

స్కేలు మాటకి ఒక చేర్పు. కెమెరా వంకరగా పట్టినా సరళరేఖ సరళరేఖగానే పడుతుంది, కాబట్టి బొట్లు ఒక గీత మీద ఉన్నాయా లేదా అన్న పరీక్షకి కోణం పెద్ద అడ్డు కాదు. రెక్కే వంగి ఉంటే మాత్రం పరీక్ష చెల్లదు. పట్టీ వెడల్పు సంగతి దీనికి పూర్తిగా తిరగేసి: రెక్క 30 డిగ్రీలు పక్కకి తిరిగితే ఆ దిశలో వెడల్పు సుమారు 13 శాతం తగ్గి కనబడుతుంది, 45 డిగ్రీలైతే 29 శాతం. బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్ మధ్య ‘మచ్చలు సన్నగా ఉన్నాయి’ అని తేల్చేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

తోకతెగింది

తోక లేదని జాతిని కొట్టేయకండి. ప్లెయిన్స్ క్యూపిడ్‌కి సన్నని తోక ఉంటుంది, లైమ్ బ్లూకి ఉండదు. చాలా పట్టికల్లో మొదటి ప్రశ్న అదే. కానీ ఆ తోక వెంట్రుకంత, పక్షి పొడిస్తే మొదట పోయేదీ అదే. తోక దగ్గర కంటిలాంటి చుక్క ఉండటం, తోక మీసంలా ఆడటం, పక్షి దాన్ని తల అనుకోవడానికే. వెనక రెక్క కింది మూల ‘వి’ ఆకారంలో తెగి, రెండు వైపులా ఒకేలా ఉంటే రెక్కలు మూసినప్పుడు పక్షి పొడిచిందని అర్థం. అప్పుడు తోక ఉందో లేదో మనకి తెలియదు అనే రాయాలి.

ఒంటరి ఫ్రేమ్‌లో తోక కనబడకపోతే ఇంకో కారణం ఫోన్. పోర్ట్రెయిట్ మోడ్ నేపథ్యాన్ని చెరిపేటప్పుడు తోకనీ మీసాలనీ కూడా తుడిచేస్తుంది.

కొత్తరెక్క

యాప్ నేరుగా డార్క్ గ్రాస్ బ్లూ అని మొదటి పేరుగా ఇచ్చింది. పచ్చికనీలం గారు చెప్పిన చుక్క కనబడకుండా అది ఎలా చెప్పగలిగింది?

మీసాలముడి

చెప్పలేదు, ఊహించింది. యాప్‌ల వెనకున్న కంప్యూటర్ నమూనాలు జనం పేర్లు పెట్టిన ఫోటోల మీద నేర్చుకుంటాయి. ఏ జాతి ఫోటోలు ఎక్కువుంటే దాని వైపు మొగ్గుతాయి. చుక్క చాటున ఉందన్న సంగతి దానికి పట్టదు, మొత్తం బొమ్మ పోలిక చూసి వరస ఇస్తుంది. ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, జీనస్) వరకు యాప్ మాట బాగానే నిలుస్తుంది. నల్లటి పెద్ద స్వాలోటెయిల్‌లు, గ్రాస్ బ్లూలు, స్కిప్పర్లు, బుష్‌బ్రౌన్‌ల దగ్గర జాతి పేరు దాని నోట రాగానే ఒప్పుకోకండి.

జనం జీవుల ఫోటోలు పెట్టి పేర్లు తేల్చుకునే ఐ-నేచురలిస్ట్ సైట్‌లో ‘రీసెర్చ్ గ్రేడ్’ ముద్ర కూడా దీనికి మందు కాదు. ఫోటో, తేదీ, చోటు ఉండి, చూసినవాళ్ళలో మూడింట రెండు వంతులకి పైగా ఒకే జాతి పేరు ఒప్పుకుంటే ఆ ముద్ర పడుతుంది. ఫోటో పెట్టినాయన యాప్ పేరే పెట్టి, ఇంకొకరు ‘అవును’ అని నొక్కితే చాలు, ఇద్దరు. మీ ఫోటో 1కి అలాగే కామన్ రోజ్ ముద్ర పడి ఉండేది.

వానకారు

అంతగా తీసిపారేయక్కర్లేదు. యాప్ ఇచ్చే పది పేర్ల జాబితా నాకు పోల్చి చూడటానికి పనికొస్తుంది. మొదటి పేరు కాదు, మూడోదీ నాలుగోదీ చూస్తే ‘అరే, ఇది కూడా ఉంది కదా’ అని గుర్తొస్తుంది. వాడటం తెలియకపోవడం సాధనం తప్పు కాదు.

మీసాలముడి

జాబితాగా వాడితే నాకూ అభ్యంతరం లేదు. తీర్పుగా వాడితేనే.

ఎఫ్‌ఎనిమిది

ఐడీ కోసం తీసే ఫోటో వేరు, గోడకి తగిలించే ఫోటో వేరు. ఐడీ ఫోటోలో నేపథ్యం మసక కావడం కంటే రెక్క మొత్తం ఫోకస్‌లో ఉండటం ముఖ్యం.

రెండు మీటర్ల దూరం నుంచే మొదటి ఫ్రేమ్ తీయండి, ఎగిరిపోతే అదైనా మిగులుతుంది. ఆ తర్వాత అర మీటరు చొప్పున దగ్గరవుతూ ప్రతి ఆగింపులో రెండు మూడు. మీ నీడ దాని మీద పడకూడదు, పైనుంచి వంగకూడదు, మోకాళ్ళ ఎత్తులో రండి. రెక్కలు మూసి ఉన్నప్పుడు సెన్సర్ రెక్కకి సమాంతరంగా ఉండాలి. ఎఫ్‌/8 నుంచి ఎఫ్‌/11, 1/250 సెకనుకి తగ్గకుండా. స్వాలోటెయిల్‌లు తేనె తాగుతూ కూడా ముందు రెక్కలు ఆడిస్తూనే ఉంటాయి, వాటికి 1/1000 కావాలి. వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ పెంచండి. నాయిస్ ఉన్న చుక్క కనిపిస్తుంది, కదిలిన చుక్క కనిపించదు.

ఎంత పెద్దగా పడాలి? గ్రాస్ బ్లూ ముందు రెక్క 10 మిల్లీమీటర్ల దగ్గర. ఫోటోలో ఆ రెక్క 250 పిక్సెళ్ళుంటే మిల్లీమీటరుకి 25, అర మిల్లీమీటరు చుక్క పన్నెండు పిక్సెళ్ళు. చాలు. అదే రెక్క 80 పిక్సెళ్ళుంటే చుక్క నాలుగు పిక్సెళ్ళు, దాని మీద జేపెగ్ కుదింపు పడితే ఉందో లేదో ఎవరూ ప్రమాణం చేయలేరు. మెసేజ్ యాప్‌ల ద్వారా పంపిన ఫోటోకి జరిగేది ఇదే. అసలు ఫైలు పెట్టండి, తేదీ సమయం కూడా అందులోనే ఉంటాయి.

తెల్లవీ పసుపువీ ఎండలో తీస్తే ఎక్స్‌పోజర్ 2/3 స్టాప్ తగ్గించండి. పసుపు రెక్క మీద ఎరుపు ఛానల్ నిండిపోతే లేత గోధుమ చుక్కలు పసుపులో కలిసిపోతాయి, తర్వాత ఎంత సవరించినా రావు. ఫ్లాష్ నేరుగా కొడితే నీలి మెరుపు మారుతుంది. ఆ నీలం చాలా జాతుల్లో రంగు పదార్థం కాదు, పొలుసుల నిర్మాణం వల్ల వచ్చే మెరుపు. కోణం మారితే ఊదా అవుతుంది, నలుపూ అవుతుంది. క్రో అనే ముదురు రంగు సీతాకోకచిలుకల్లో నీలి మెరుపు ఉందా లేదా అన్న ప్రశ్నకి ఒక్క ఫ్రేమ్‌తో జవాబివ్వకండి.

అడుగువైపు

పసుపు మాట వచ్చింది కనుక గ్రాస్ యెల్లోల గురించి. రెక్కలు దాదాపు ఎప్పుడూ మూసే కూర్చుంటాయి, కాబట్టి చూడాల్సింది అడుగువైపే. ముందు రెక్క సెల్‌లో మూడు గుర్తులుంటే త్రీ-స్పాట్, రెండుంటే కామన్, ఒకటైతే వన్-స్పాట్. స్పాట్‌లెస్‌కీ స్మాల్‌కీ సెల్‌లో ఉండవు. స్పాట్‌లెస్ పొడికాలం రూపానికి ముందు రెక్క కొన నరికినట్టు చతురంగా, వెనక రెక్క అడుగున తిన్నని గీతలు.

చెడేది ఎక్కడంటే లెక్కలో. కామన్‌కి రెండు చుక్కల్లో ఒకటి వెనక రెక్క అంచు కింద దాగితే వన్-స్పాట్ అయిపోతుంది. సెల్ మొత్తం బయటికి కనబడితే తప్ప చుక్కలు లెక్కపెట్టకూడదు. వెలుతురు వెనక నుంచి పడే ఫ్రేమ్ ఒకటి తీసుకోండి. రెక్క పలుచన, పైవైపు నల్ల అంచు నీడలా కనబడుతుంది. కామన్‌కి ఆ అంచు లోపలి గీత ఈనెల మధ్య లోతుగా తొలిచినట్టుంటుంది. గుడ్లు దొరికితే మరీ మంచిది. త్రీ-స్పాట్ గుంపుగా పెడుతుంది, గొంగళ్ళు గుంపుగానే మేస్తాయి. కామన్ ఒక్కొక్కటిగా పెడుతుంది.

ఎమిగ్రెంట్‌ల దగ్గర మీసం చూడండి. కామన్ ఎమిగ్రెంట్ క్రొకేల్ రూపానికి మీసాలు నలుపు, అడుగువైపు ఖాళీ. పొమోనా రూపానికి మీసాలు ఎరుపు, అడుగున ఎర్ర వలయంలో వెండి చుక్కలు. రెండూ ఒకే జాతి! మాటిల్డ్ ఎమిగ్రెంట్‌కి అడుగంతా నీటిలో తడిసిన కాగితంలా సన్నని అడ్డ గీతలు.

కామన్ జెజెబెల్‌కీ పెయింటెడ్ సాటూత్‌కీ వెనక రెక్క అడుగున ఎర్ర మచ్చలే తేడా: జెజెబెల్‌కి కొన తేలి ఉంటాయి, సాటూత్‌కి చతురంగా.

పొలుసులపెట్టె

కామన్ క్రో అని పెట్టే ఫోటోల్లో కామన్ మైమ్ కలిసిపోతూ ఉంటుంది. దానికి కాళ్ళు లెక్కపెట్టండి. మైమ్ స్వాలోటెయిల్ కుటుంబం, ఆరు కాళ్ళ మీద నిలబడుతుంది. క్రోకి ముందు జత కురచై రొమ్ముకి అంటుకుపోయి ఉంటుంది, నాలుగే కనబడతాయి. కాళ్ళు కనబడకపోతే వెనక రెక్క అడుగు అంచున పసుపు మచ్చలు చూడండి, అవి మైమ్‌వి. టైగర్, ఎగ్‌ఫ్లై మధ్య మాత్రం ఈ పరీక్ష పనిచేయదు, రెండూ నాలుగు కాళ్ళవే.

క్రోలలో మగదాన్ని మూసిన రెక్కలతోనూ పట్టుకోవచ్చు. ముందు రెక్క కింది అంచు మగదానికి విల్లులా కిందికి వంగి ఉంటుంది, ఆడదానికి తిన్నగా. కామన్ క్రో మగదానికి ముందు రెక్క పైన ఒక ముద్రగీత (వాసన పొలుసుల గీత), డబుల్-బ్రాండెడ్ క్రోకి రెండు. ఆ గీతలకి రెక్కలు తెరవాలి. పట్టుకుని వేళ్ళతో తెరవకండి, ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబారాక తీయడం అసలొద్దు. పొద్దున్న ఎండ కాచుకునే వేళకి వెళ్తే అదే తెరుస్తుంది.

మీసాలముడి

స్కిప్పర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు, సహజమే. వాటిలో స్విఫ్ట్‌లకి కనీసం రెండు ఫోటోలు కావాలి: ముందు రెక్క చుక్కలన్నీ పడేలా ఒకటి, వెనక రెక్క అడుగు ఒకటి. వెనక రెక్క అడుగున చుక్కలు తిన్నని వరసలో ఉంటే పర్నారా ప్రజాతి వైపు, విల్లులా వంగి ఉండి సెల్‌లో కూడా చుక్క ఉంటే పెలోపిడస్ ప్రజాతి వైపు. రైస్ స్విఫ్ట్‌కి ముందు రెక్క స్పేస్ 1బిలో ఉన్న మచ్చ గాజులా పారదర్శకంగా ఉండదు, మిగతావి ఉంటాయి. వెలుతురుకి ఎదురుగా తీస్తే ఆ తేడా తెలుస్తుంది. డార్ట్‌లు, పామ్ డార్ట్‌ల దగ్గర నేను ప్రజాతితో ఆగిపోతాను. జననాంగాలు చూడనిదే తేలని జాతులు వాటిలో చాలా ఉన్నాయి. పియరో బ్లూలలో టారుకస్ ప్రజాతిదీ అదే కథ.

వానకారు

ఇలా ప్రతిదాన్నీ ప్రజాతి దగ్గర వదిలేస్తే రికార్డు ఎవరికి పనికొస్తుంది?

మీసాలముడి

తప్పు జాతి పేరు కంటే ఎక్కువ మందికి. ‘పొటాంథస్ (డార్ట్‌ల ప్రజాతి), జాతి తేలలేదు’ అన్న రికార్డుని రేపు ఎవరైనా తెరిచి చూసి ముందుకి తీసుకెళ్ళగలరు. తప్పు పేరుతో మూసిన రికార్డుని ఎవరూ తెరవరు. ఆ జాతి లేనిచోట పటంలో ఒక చుక్క పడి, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది.

ఎర్రపట్టీ

అమెరికా ఉష్ణమండలం ఫోటోలు చూసేవాళ్ళకి ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. హెలికోనియస్ ఎరాటో, హెలికోనియస్ మెల్పోమెనీ రెండూ విషపూరితమే, ఒక ప్రాంతంలో రెండూ ఒకే వేషం వేసుకుంటాయి. ప్రాంతం మారితే రెండూ కలిసి వేషం మారుస్తాయి. అంటే ఒకే ఊళ్ళోని ఎరాటో, మెల్పోమెనీల పోలిక రెండు దూరప్రాంతాల ఎరాటోల పోలిక కంటే ఎక్కువ. అందమైన పైవైపు ఫోటో అక్కడ దాదాపు వృథా. వెనక రెక్క అడుగువైపు, ఒంటికి ఆనుకున్న భాగం పెద్దదిగా పడాలి, విడదీసే చిన్న గుర్తులు అక్కడే ఉంటాయి.

ఇక అస్ట్రాప్టిస్ ఫుల్గరేటర్ అని రెండు శతాబ్దాలకు పైగా ఒక్క పేరుతో పిలిచిన స్కిప్పర్ కోస్టారికాలో కనీసం పది జాతుల కలగలుపని 2004లో డీఎన్‌ఏ బార్‌కోడ్‌లతో (జాతిని పట్టిచ్చే చిన్న డీఎన్‌ఏ తునకలతో) చూపించారు. పెద్ద పురుగులు ఒకేలా ఉన్నాయి, గొంగళి పురుగుల రంగులూ అవి మేసే మొక్కలూ వేరు. రెక్కల ఫోటో ఎంత గొప్పగా తీసినా అక్కడ పది పేర్లు రావు. గొంగళిని మొక్కతో సహా తీస్తే వస్తాయి.

ఇంకో మాట: యురేనియా చిమ్మటలు పగలు ఎగురుతాయి, తోకలుంటాయి, స్వాలోటెయిల్ అని పెడుతుంటారు. మీసం కొన ముడిలా లావుగా లేకపోతే చిమ్మటని అనుమానించండి. కాస్ట్నియా చిమ్మటలకి మాత్రం ముడి ఉంటుంది, కాబట్టి ముడి ఉందని నిశ్చింతగా ఉండకండి.

కొత్తరెక్క

మూడు లేబుళ్ళూ మార్చాను. ఫోటో 1: కామన్ మార్మన్, ఆడ, స్టిషియస్ రూపం, ఆధారం నల్ల పొట్ట. ఫోటో 2: ప్లెయిన్ టైగర్, మగ, ఆధారం వెనక రెక్క చుక్కలు. ఫోటో 3: గ్రాస్ బ్లూ, జాతి తేలలేదు.

మూడోదాని వరసలో ఇంకా పదకొండు ఫ్రేములున్నాయి. వాటిలో తొమ్మిదో ఫ్రేమ్‌లో అది రెక్కలు ఒకదానితో ఒకటి రుద్దుతూ ముందు రెక్క పైకి జరిపింది. మసకగా ఉందని పక్కన పెట్టినది. పెడుతున్నాను. సెల్ చివర అడ్డగీత కనబడుతోంది, లోపల ఏమీ లేదు. రెక్క 210 పిక్సెళ్ళు వచ్చింది.

పచ్చికనీలం

ఇది పెట్టాల్సింది మొదటే! సెల్ ఖాళీ. 210 పిక్సెళ్ళకి ఆ చుక్క ఉంటే కనబడి తీరాలి, మసకైనా నీడలా తెలిసేది. పక్కనున్న వరస చుక్కలు తెలుస్తున్నాయి కదా. కాబట్టి డార్క్, పేల్ రెండూ పోయాయి. ముందంచు దగ్గర సెల్‌కి పైన అదనపు చుక్క లేదు, టైనీ పోయింది. ఈ ఫ్రేమ్‌లో గడ్డి పరక పక్కకి తప్పుకుంది, వెనక రెక్క స్పేస్ 6 చుక్క లోపలికి జరిగి ఉంది.

లెస్సర్ గ్రాస్ బ్లూ, జిజినా ఓటిస్. మొదటి ఫ్రేమ్ తీసేయకండి, రెండూ ఒకే రికార్డులో పెట్టి, తొమ్మిదో ఫ్రేమ్ చూడమని వ్యాఖ్యలో రాయండి.